నాన్న లెన్స్‌కి కడియం

నాన్న వెళ్తూ వెళ్తూ లెన్స్‌ని నా దగ్గరే వదిలేశాడు. సౌదీలోని అల్ ఖర్జ్‌లో మా ఇంటి హాల్లో, బట్టలు ఇస్త్రీ చేసుకునే బల్ల మీద, పాత తువ్వాలు చుట్టి పడుకోబెట్టి ఉంది. ఎత్తితే అప్పుడే పుట్టిన పిల్లంత బరువు. నల్ల రంగు ఊడిపోయి, చేతులు పడే చోటల్లా లోపలి ఇత్తడి కనిపిస్తుంది. ఇంటికొచ్చినవాళ్ళు ఇదేమిటని అడుగుతారు. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా తీసే కెమెరా లెన్స్ అని చెబితే, ఇంత పెద్దదా అంటారు, ఇప్పుడన్నీ ఫోన్‌లోనే వచ్చేస్తున్నాయిగా అంటారు. నేను జవాబు చెప్పను. నాకు ఓపిక తక్కువని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఇంటికొచ్చేవాళ్ళకీ తెలిస్తే మంచిదే.

ఇంత పొడుగు లెన్స్ పెట్టి ఫొటో తీయాలంటే కెమెరాని స్టాండుకి బిగిస్తే చాలదు. ముందున్న బరువంతా కిందికి లాగి, కెమెరాకీ లెన్స్‌కీ అతుకు ఉన్నచోట దెబ్బతింటుంది. అందుకని లెన్స్ నడుముకి ఒక రింగు వేస్తారు. ఆ రింగు కింద చిన్న పాదం ఉంటుంది. స్టాండుకి బిగించేది ఆ పాదాన్ని. అప్పుడు బరువు రెండువైపులా సమంగా ఆగి, చెయ్యి తీసేసినా కదలదు. షాపులవాళ్ళు దాన్ని కాలర్ అంటారు, నాన్న కడియం అంటాడు. ఏ లెన్స్ నడుము దానిదే కాబట్టి ఒకదాని కడియం ఇంకోదానికి పట్టదు. ఈ లెన్స్ కడియం పోయి ముప్ఫై ఏళ్ళ పైమాటే. కిందటి చలికాలం నాన్న విజిట్ వీసా మీద నా దగ్గరికొచ్చి ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం చేసిన పని ఆ కడియం కోసం తిరగడమే. కారులో పక్కన కూర్చుని నాన్న ఏదో ఒకటి అనేవాడు, నాకు ఇంకేదో గుర్తొచ్చేది. అలా మర్చిపోయాననుకున్న నా చిన్నతనమంతా వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

మాది పాలకొల్లు. అమ్మ నర్సు. ముందు అమ్మే వచ్చింది ఈ అల్ ఖర్జ్‌కి. తర్వాత నాన్న ఇక్కడి పాల ఫారంలో పంపులు, మోటార్లు బాగుచేసే పనిలోకి వచ్చాడు. మొగుడూ పెళ్ళాలకి ఒకే ఊళ్ళో పని దొరకడం దేవుడి దయ అనేది అమ్మ. ఏజెంటు దయ అనేవాడు నాన్న. ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో రెండు గదులిచ్చాక నన్ను అమ్మమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్నారు. ఆ రెండు గదులకీ రెండు వాసనలు. అమ్మ వస్తే డెట్టాల్ వాసన. నైట్ డ్యూటీ దిగి వచ్చి, నల్ల అబాయా తలుపు వెనక మేకుకి తగిలించి, మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కున్నాక గానీ నన్ను ముట్టుకునేది కాదు. నేను నిద్ర కళ్ళతో చేతులు చాపుకుని నిలబడి ఉండేదాన్ని. నాన్న వస్తే పేడ, గ్రీజు, పచ్చి పాలు కలిసిన వాసన. ఆ వాసనతో పాటు చేతిలో ఎప్పుడూ ఒక లబన్ డబ్బా. మన మజ్జిగ లాంటిదే గానీ చిక్కగా ఉంటుంది. అమ్మ దాంట్లో అల్లం, కరివేపాకు వేసి తాలింపు పెట్టి, ఇప్పుడు మన మతంలో కలిసింది అనేది.

శుక్రవారం సెలవు. ఆ పూట మా ఇంట్లో ప్రార్థన జరిగేది. నర్సులు నలుగురైదుగురు, ఎవరి అబాయాలో వాళ్ళు, ఒకరి వెనక ఒకరు కాస్త ఎడం ఇచ్చి వచ్చేవాళ్ళు, కూరలు ఇచ్చిపుచ్చుకోడానికి వచ్చినట్టు చేతుల్లో గిన్నెలు పట్టుకుని. మన ప్రార్థన ఇక్కడ బయటికి వినిపిస్తే నేరం కాబట్టి కిటికీలు మూసి, ఏసీ పెద్దగా పెట్టి, గొంతులోనే పాడుకునేవాళ్ళు. ఎవరైనా తన్మయంలో గొంతు పెంచితే అమ్మ కళ్ళతోనే తగ్గించేది. మా ఊరి చర్చిలో మైకు పెట్టి పాడే పాటల్ని గుసగుసల్లో నేర్చుకున్నాను నేను. ఇప్పటికీ నాకు గట్టిగా పాడటం చేతకాదు. ప్రార్థన అయ్యాక అదే మూసిన కిటికీల చాటున ఎండుచేపలు వేయించేది. ఊర్నుంచి పౌడరు డబ్బాల్లో కుక్కి తెచ్చుకున్నవి. పక్కింటి ఈజిప్టు సిస్టరు వాసనకి గోడ మీద తట్టేది. ప్రార్థన వినిపించనంత జాగ్రత్తపడ్డ అమ్మ ఎండుచేపల్ని మాత్రం దాచలేకపోయింది.

నాన్న ఆ ప్రార్థనల్లో ఉండేవాడు కాదు. ఆయనది వేరే శుక్రవారం. ఫారంలో పశువుల డాక్టరు ఒకాయన ఐర్లండ్ నుంచి వచ్చినవాడు ఉండేవాడట. ఆయన పని ముగించుకుని ఎగ్జిట్‌లో దేశం వదిలి వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా నేలమీద పరిచి అమ్మకానికి పెట్టాడు. ఇక్కడ ఎవరు వెళ్ళిపోయినా అంతే, ఒకరి సంసారం పది సంసారాల్లోకి సర్దుకుంటుంది. అమ్మ నాన్నని వాషింగ్ మెషీన్ కోసం పంపింది. నాన్న లెన్స్ తెచ్చాడు. కెమెరా, స్టాండు, కడియంతో సహా. గ్రీజు మరకల బట్టలు చేత్తో ఉతుక్కుంటూ అమ్మ చాలాకాలం ఆ లెన్స్‌ని పేరు పెట్టి పిలవలేదు. మెషీన్ అనేది. "మెషీన్ తీసుకుని బయల్దేరారా," అనేది శుక్రవారం పొద్దున్నే. "దేవుడికి గంటసేపు కూర్చోలేరు గానీ కొంగలకి పూటంతా ఇస్తారు."

"ఆయన చేసినవే కదే అవి కూడా," అనేవాడు నాన్న.

చలికాలం శుక్రవారాల్లో నేను నాన్నతో పోయేదాన్ని. ఫారం పికప్‌లో ముందు సీట్లో. ఊరు దాటి కాసేపు ఎడారి, ఆ తర్వాత హఠాత్తుగా పచ్చదనం. చక్రాల మీద నిలబడ్డ పొడుగాటి నీళ్ళ పైపు ఒకచోట కేంద్రంగా నిదానంగా తిరుగుతూ తడిపేది కాబట్టి పొలం గుండ్రంగా ఉండేది. పైపు అంచు ఎక్కడ ఆగిందో అక్కడ పచ్చ ఆగేది, ఒక్క అడుగు అవతల ఇసుక. ఆవుల కోసం బర్సీం గడ్డి పెంచేవాళ్ళు. గడ్డి కోసే మిషను వెనకే కొంగలు నడిచేవి, లేచిన పురుగుల కోసం. తెల్లటి ఒళ్ళు, రెక్కల చివర నలుపు, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు. చలికాలానికి ఎక్కడెక్కడి చల్లటి దేశాల్నుంచో వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోయేవి. మనలాగే పనికొచ్చాయి, వీటికైతే పూచీపడి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే కఫీల్ లేడు, ఎగ్జిట్ అక్కర్లేదు అనేవాడు నాన్న.

స్టాండు నిలబెట్టి, కడియం మర బిగించి, నాన్న ఒక పని చేసేవాడు. లెన్స్‌ని వదిలేసి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. కడియం సరిగ్గా పట్టిందా లేదా అని పరీక్ష. లెన్స్ కొంచెం కూడా ముందుకు వాలకపోతే అప్పుడు కన్ను పెట్టేవాడు. రోల్‌లో ఫిలిం కొద్దే కాబట్టి ఊరికే నొక్కేవాడు కాదు. ఎంతసేపు ఆగేవాడంటే, నాకు నిద్ర వచ్చి మెలకువ వచ్చేది, ఆయన అలాగే ఉండేవాడు. మోటారు బేరింగులో వేలు పెట్టి అరుగుదల చెప్పగల చెయ్యి అది, వణుకు ఎరగదు. రోడ్డు వైపు, బిల్డింగుల వైపు, మనుషుల వైపు లెన్స్ తిప్పేవాడు కాదు. ఆ రోజుల్లో బయట కెమెరా తీయడమే భయం. ఒకసారి పోలీసులు ఆగి ఏమిటిదని అడిగారు. నాన్న కొంగల్ని చూపించాడు. అందులో ఒకతను కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. వెళ్ళి రెండోవాణ్ణి పిలుచుకొచ్చాడు. వాళ్ళిద్దరూ వంతులేసుకుని చూస్తుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి చెమటపట్టి ఉండటం ఒక్కసారే చూశాను.

కడియం ఎలా పోయిందో చెప్పాలంటే గల్ఫ్ వాళ్ళు సామాను సర్దే పద్ధతి చెప్పాలి. అమ్మ కాంట్రాక్టు పొడిగించలేదు. మేం ఎగ్జిట్‌లో వెళ్ళిపోవాలి. నాన్నకి ఆఖరి రోజు దాకా డ్యూటీ. సర్దడమంతా అమ్మే. ప్రసూతి వార్డు నుంచి పసిపిల్లల్ని తూచే త్రాసు తెచ్చిపెట్టుకుని, ఇంట్లో వస్తువులన్నిటినీ ఒక్కొక్కటీ దాంట్లో పడుకోబెట్టి తూచింది. అమ్మ లెక్క సులువు. బరువైనవన్నీ ఓడలో పోయే కార్గో అట్టపెట్టెలోకి. ప్రియమైనవన్నీ చేతిసంచిలోకి. లెన్స్ ప్రియమైనదని పాపం అమ్మ ఒప్పుకుంది. గాజు కాబట్టి చేతిసంచిలోనే పెట్టింది. అయితే సంచి బరువు మించిపోయింది. లెన్స్‌ని అటూ ఇటూ తిప్పి, మర విప్పితే కడియం ఊడొచ్చింది. ఇది గాజు కాదుగా, ఇనుమేగా, ఓడలో పోతే ఏమవుద్ది అని, కుక్కర్‌లో పెట్టి మూత బిగించి కార్గోలో వేసింది. మాకు రెండు అట్టపెట్టెలు రావాలి. ఒకటే వచ్చింది. కుక్కర్ ఉన్నది రాలేదు.

నాన్న అమ్మని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే గాక దాన్ని ఇంట్లో ఒక పరిహాసం చేసేశాడు. గొడుగు కనపడకపోయినా, పరీక్షలో నాకు మార్కులు తగ్గినా, కార్గోలో పోయాయిలే అనేవాడు. అమ్మకి అది తిట్టుకన్నా ఎక్కువ తగిలేది. ఆ ఇనప ముక్క కోసం ఎన్నాళ్ళు సాధిస్తారండీ అనేది. పాలకొల్లులో మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాక కూడా నాన్న ఆ లెన్స్ పట్టుకుని కొల్లేరు వెళ్ళేవాడు. కడియం లేదు కాబట్టి ఊక కుక్కిన సంచి ఒకటి చేసుకుని, పడవ అంచు మీద పెట్టి, దాని మీద లెన్స్ ఆనించేవాడు. కెమెరా మాత్రం చేతుల్లోనే ఉండాలి. చేతులు బాగున్నన్నాళ్ళు కడియం లేని లోటు తెలియలేదు.

అమ్మ పోయాక నాన్న పాలకొల్లులోనే మా తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. నేను పెళ్ళయ్యాక, అదేం రాతో, అమ్మ పని చేసిన ఊరికే నర్సుగా వచ్చి పడ్డాను. మా ఆయన ఉద్యోగం దమ్మాంలో, వారాంతాలకి వస్తాడు. పిల్లలు చదువులకి వెళ్ళిపోయారు. నాన్న ఊరికే కూర్చుంటున్నాడని, పలకరిస్తే తప్ప మాట్లాడటం లేదని తమ్ముడు ఫోన్‌లో చెబుతుండేవాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏదో మాత్ర నలుపుతున్నట్టు ఆడిస్తున్నాడని కూడా చెప్పాడు. వీడియోలో చూడగానే నాకు అర్థమైంది. ఆ వణుకు జబ్బు పేరు డాక్టరు కంటే ముందు నేనే చెప్పాను, అలా చెప్పగలిగినందుకు సంతోషించాల్సిందేమీ లేదు. చలికాలం రాగానే విజిట్ వీసా తీసి రప్పించుకున్నాను. వచ్చేటప్పుడు లెన్స్ తెమ్మన్నాను. కొంగలు వస్తాయిగా నాన్నా, తీద్దువు గాని అన్నాను. "కడియం లేదుగా అమ్మలూ," అన్నాడు. నేను సంపాదిస్తానన్నాను.

ఎయిర్‌పోర్టు బయట నేను కారు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంటే నాన్న చాలాసేపు ఎక్కకుండా నిలబడి చూశాడు. ఎక్కాక, మీ అమ్మ చూడలేదు ఇది అన్నాడు. ఆడవాళ్ళు బండి నడపకూడని ఆ రోజుల్లో అమ్మ ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు ఆసుపత్రి బస్సు కోసం, నాన్న పికప్ కోసం, ఎవరో ఒకరి టాక్సీ కోసం ఎదురుచూస్తూనే గడిపింది. దారి పొడుగునా కుర్రాళ్ళు, ఆడపిల్లలు ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. నాన్న వాళ్ళని భయంభయంగా చూసి, ఎవరూ ఏమీ అనరా అని అడిగాడు. ఎవరూ ఏమీ అనరు. అప్పుడు తీయగలిగిన చెయ్యి ఉండేది, తీయనిచ్చే కాలం కాదు. ఇప్పుడు కాలం ఇచ్చింది.

ఫారం వైపు మొదటి శుక్రవారమే తీసుకెళ్ళాను. ఆ గుండ్రటి పొలాలు లేవు. నీళ్ళు మిగలాలని గడ్డి పెంచడం మానిపించారు, ఆవులకి మేత ఇప్పుడు ఓడల్లో వస్తుంది. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుంటూ నేను ఆ దారిన పోయి చూసింది లేదు. పచ్చ ఉన్నచోట గట్టిపడ్డ మట్టి. చక్రాల పైపు ఒకటి తుప్పుపట్టి, తిరగడం ఎక్కడ ఆపారో అక్కడే నిలబడి ఉంది. నాన్న కారు దిగలేదు. అద్దం దించి చూసి, మళ్ళీ ఎక్కించాడు. నేను ఊరుకోకుండా గేటు దగ్గర మనవాడొకతన్ని అడిగితే, షెడ్ల వెనక మురికినీళ్ళ గుంట దగ్గర ఇప్పటికీ కొన్ని దిగుతాయని చెప్పాడు. చుట్టు తిరిగి వెళ్ళాం. ఉన్నాయి. వెనకటంత కాదు, గుంట అంచున అక్కడక్కడ తెల్లగా. చూశావా నాన్నా, ఉన్నాయిగా అన్నాను. ఉన్నాయి అన్నాడు. నాకు పట్టుదల వచ్చేసింది. మా పిల్లాడి పాత డిజిటల్ కెమెరాకి ఈ లెన్స్ తగిలించుకునే చిన్న రింగు దొరికింది. స్టాండు కొన్నాను. ఊక సంచి ఇప్పుడు పనికిరాదు, చేతిలో పట్టుకుంటే కెమెరా మొత్తం వణుకుతుంది. కడియం ఒక్కటి దొరికితే లెన్స్‌ని అది పట్టుకుంటుంది, నాన్న వేలు పెట్టి నొక్కితే చాలు. కొంగలు వెళ్ళిపోయేలోపు, వీసా అయిపోయేలోపు నాన్న ఒక్క ఫొటో తీయాలి. అంతే నేను అడిగింది.

ఆన్‌లైన్‌లో తెప్పించినవి ఒకటి వదులు, ఒకటి బిగుతు. రియాద్‌లో కెమెరా షాపులన్నీ తిరిగాం. అక్కడి కుర్రాళ్ళు లెన్స్‌ని చూసి ముచ్చటపడి, దాంతో సెల్ఫీలు తీసుకుని, కొత్త లెన్స్ కొనుక్కోమన్నారు. అల్ ఖర్జ్‌లోనే కార్ఖానాల వీధిలో లేత్ పని చేసే గంగరాజం దగ్గరికి తీసుకెళ్ళాను. జగిత్యాల వైపు మనిషి. లెన్స్ చుట్టూ దారం చుట్టి చూసి, అల్యూమినియంతో చేసివ్వొచ్చన్నాడు. "గని దీన్ని రెండు దినాలు ఈడ పెట్టి పోవాలె అక్కా. పెట్టి చూస్కుంట అరగదీస్తెనే కూసుంటది." నాన్న లెన్స్‌ని ఒళ్ళోకి లాక్కున్నాడు. వదిలి వెళ్ళడం కుదరదు బాబూ అన్నాడు. గంగరాజం నవ్వి, మా బాపు గూడ గంతే, ట్రాన్సిస్టరు ముట్టనియ్యడు అన్నాడు. నేను కారులో నాన్న మీద విసుక్కున్నాను. రెండు రోజులు ఇస్తే ఏం పోతుందన్నాను. నాన్న కిటికీలోంచి చూస్తూ, తమ పెళ్ళి ఫొటోలో అమ్మ గాజులు సడలి ఎలా జారిపోయాయో, చేతులు ఎత్తి పట్టుకుని ఎలా నిలబడిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తిరుగుళ్ళలో నాన్న మాట్లాడినంత నా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ మాటల కోసం నేను విసుగు మింగేసేదాన్ని.

ఆఖరికి జెద్దా వెళ్ళాం. అక్కడ షరఫియా అనే పేటలో పాత కెమెరాలు బాగుచేసే రజాక్ భాయ్ అనే హైదరాబాదాయన ఉన్నాడని మా వార్డులో ఎవరో చెప్పారు. తెల్లారి బయల్దేరితే చేరేసరికి పొద్దుగూకింది. మర్నాడు శుక్రవారం, సందులన్నీ మనవాళ్ళే, దర్జీ దుకాణాల ముందు, డబ్బు పంపే కౌంటర్ల ముందు గుంపులు. ఆంధ్రా మెస్‌లో నాన్న చేపల పులుసు పోయించుకున్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని తిన్నాడు. రజాక్ భాయ్ కొట్టు మెట్ల కింద ఒక బీరువా అంత. ఆయన నాన్న వయసువాడే. బల్ల కింద నుంచి ఒక డబ్బా లాగి కుమ్మరించాడు, అన్నీ అనాథ కడియాలు, ఏ లెన్స్‌వో ఎప్పటివో. ఇద్దరు ముసలాళ్ళూ ఒక్కొక్కటీ తీసి లెన్స్‌కి పెట్టి చూడటం మొదలుపెట్టారు. సందులో అడ్డంగా పెట్టిన నా కారు కోసం ఎవరో హారన్ కొడుతుంటే తీసి వేరేచోట పెట్టడానికి వెళ్ళాను. చోటు దొరికేసరికి ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి నాన్న లెన్స్‌కి తువ్వాలు చుట్టేస్తున్నాడు. లేదమ్మలూ, ఏదీ పట్టలేదు అన్నాడు. రజాక్ భాయ్ తల ఎత్తకుండా కడియాల్ని డబ్బాలో వేస్తున్నాడు. చాయ్ తాగి వెళ్ళమన్నాడు గానీ నేనే ఉండలేకపోయాను. తిరుగు దారిలో నాకు ఏడుపు వచ్చింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఆడుతూనే ఉంది. దొరక్కపోతే ఏముందే, తిరిగాంగా అన్నాడు.

వీసా అయిపోయింది. కొంగలు అంతకుముందే వెళ్ళిపోయాయి. లెన్స్ తీసుకెళ్ళు నాన్నా అంటే, నీ దగ్గరే ఉంచు, కడియం దొరికితే అప్పుడు వస్తాను అన్నాడు. వేసవి నడుమ, వార్డు రాత పనులు చేసుకుంటూ బల్ల ముందు కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఊరికే ఉండలేక రజాక్ భాయ్‌కి ఫోన్ చేశాను. కొత్తగా ఏమైనా కాలర్లు వచ్చాయా అని అడిగాను.

"ఆ రోజే ఒకటి మంచిగ ఫిట్ అయింది కదమ్మా," అన్నాడు. "ఇప్పటికీ నా దగ్గరనే ఉంది. మీకు చెప్పనే లేదా?"

నాకు అర్థం కాలేదు. ఏదీ పట్టలేదన్నాడుగా నాన్న అన్నాను. అప్పుడు మొత్తం చెప్పాడు. నేను కారు తీయడానికి వెళ్ళిన కాసేపటికే ఒక కడియం దొరికిందట. మర బిగించి, స్టాండు మీద పెట్టి, నాన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడట. లెన్స్ వాలలేదు. ఇద్దరూ సంతోషపడ్డారు. తర్వాత నాన్న కుర్చీలో కూర్చుని, కూర్చుని, దాన్ని తీసెయ్యమన్నాడట.

"మీ వాలిద్ సాబ్ నా చేతులు పట్టుకుండ్రు అమ్మా. 'అమ్మాయికి చెప్పకు భాయ్, ఇది దొరికిందంటే రేపు నేను ఫొటో తియ్యాలి, నా వల్ల కాదు' అన్నరు. 'ఇది దొరకనన్నాళ్ళు తప్పు దీనిది, దొరికినంక తప్పు నాది' అన్నరు. నేనేం జెయ్యాలమ్మా? నా చేతులు గూడ ఇప్పుడు అట్లనే అయితున్నయి."

నాకు ముందు వచ్చింది కోపమే. అన్ని వందల మైళ్ళు, అన్ని సెలవులు. ఫోన్ పెట్టేసి వెంటనే నాన్నకి చేద్దామని నంబరు కూడా తీశాను. చెయ్యలేదు. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో పడిపోయిన చేతుల్ని, కాళ్ళని ఎత్తి, ఏదీ ఒక్కసారి ప్రయత్నం చేయండి అని ఎంతమందితో అన్నానో. వాళ్ళు ఎందుకు ముఖం తిప్పుకుంటారో నాకు తెలుసుననుకున్నాను. నాన్న ముఖం మాత్రం చదవలేకపోయాను. వేలు పెట్టి నొక్కితే చాలు అనుకున్నాను నేను. ఆ వేలు పెడితే స్టాండు మీదున్న లెన్స్ కూడా అదురుతుందని, వెయ్యి నొక్కినా కొంగ మసకగానే వస్తుందని ఆయనకి తెలుసు. ఫొటో తీయాలన్న కోరిక నాది. నాన్నకి కావలసింది కడియం పోయిన ఫొటోగ్రాఫరుగా మిగిలి ఉండటం. కడియం ఉండి తీయలేని ముసలివాడు కావడం కాదు. ఆ బల్ల ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆ జబ్బుకి మందు లేదు. తగ్గదు, ఆగదు, నెమ్మదిగా రెండో చేతికి వస్తుంది, తర్వాత నడకకి, తర్వాత మింగడానికి. రోగుల పిల్లలకి నేను మెత్తగా చెప్పే మాటలే ఇవన్నీ. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రజాక్ భాయ్ సాయంత్రం మళ్ళీ తనే ఫోన్ చేశాడు. పార్సిల్ చేసెయ్యనా అమ్మా, ఎట్లయినా మీదే కదా అన్నాడు. వద్దు భాయ్ అన్నాను. ఎవరైనా అడిగితే ఇచ్చేయండి అన్నాను. ఇచ్చేస్తే మళ్ళీ దొరకదన్నాడు. తెలుసునన్నాను.

ఇప్పుడు శుక్రవారం ప్రార్థన రోజు కాదు నాకు, కొంగల రోజు కాదు. వంట అయ్యాక సోఫాలో కూర్చుని ఫోన్‌లో కడియాలు వెతుకుతాను. ఎక్కడెక్కడివో, ఏ లెన్స్‌వో. లోపలి కొలత రాసి ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటాను. సరిపోయేలా కనిపిస్తే దాటేస్తాను. కొంచెం సన్నమో, కొంచెం వెడల్పో ఉన్నదాన్ని నాన్నకి పంపుతాను, ఇది పడుతుందేమో చూడు నాన్నా అని. నాన్న ఆ ఫొటోని మా తమ్ముడి చేత పెద్దది చేయించుకుని చూస్తాడట. ఎక్కువ మాట్లాడని మనిషి, దాని గురించి మాత్రం మాట్లాడతాడు. పాదం పొట్టిగా ఉందనో, మర ఎడమవైపు ఉండాలనో, ఐర్లండ్ డాక్టరు కడియానికి లోపల బట్ట అతికించి ఉండేదనో. వీడియోలో కుడి చెయ్యి కనిపించదు, తొడ కింద పెట్టుకుంటాడు. నేను అడగను.

నిన్న పంపినది చాలా దగ్గరగా వచ్చింది. ఒక్క నలుసు తేడా, పంపేముందు కొలత మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. నాన్న చాలాసేపు చూసి, కొలత తమ్ముడి చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"కొద్దిలో పోయింది అమ్మలూ," అన్నాడు. గొంతు హుషారుగా ఉంది. "ఇది పట్టదు. ఇంకోటి చూడు."

చూస్తాను నాన్నా అన్నాను.